చెయ్యి ఫోన్ మీదికి వెళ్లే ఆ క్షణం: స్క్రోలింగ్ శోధనను ఎదుర్కోవడానికి విశ్వాసికి సమగ్ర మార్గదర్శి

ఒకరోజు తెల్లవారుజామున 63వ కీర్తన చదువుదామని ఫోన్‌లో బైబిల్ యాప్ తెరిచాను. 'దేవా, నా దేవుడవు నీవే, వేకువనే నిన్ను వెదకుదును' అన్న మొదటి మాట దగ్గరే ఉన్నాను. ఇంతలో స్క్రీన్ పైన ఒక నోటిఫికేషన్ జారింది, ఎవరో ఫొటో పెట్టారని. చూసి వచ్చేద్దామనుకున్నాను. ఆ ఫొటో కింద ఒక వీడియో, దాని కింద ఇంకొకటి. తల ఎత్తేసరికి కిటికీలో ఎండ వచ్చేసింది. నలభై నిమిషాలు గడిచాయి. మళ్లీ బైబిల్ యాప్ తెరిస్తే అది అదే వచనం దగ్గర ఆగి ఉంది. 'వేకువనే నిన్ను వెదకుదును.' వేకువ అయిపోయింది, నేను వెదకలేదు. ఆ ఉదయం నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆ నలభై నిమిషాల్లో నేను చెడ్డది ఏదీ చూడలేదు. పెళ్లి ఫొటోలు, వంట వీడియోలు, ఒక ప్రసంగం ముక్క. ఈ విషయం అర్థమవడానికి నాకు చాలా కాలం పట్టింది. స్క్రోలింగ్ మన దగ్గర తీసుకుపోయేది టైమ్ మాత్రమే కాదు. మనసు ఖాళీగా, దిగులుగా, అలసటగా అనిపించిన క్షణంలో మనం దేవుని వైపు తిరగాలి. సరిగ్గా ఆ క్షణాన్నే అది ముందుగా వచ్చి ఆక్రమించేస్తుంది. కింద చెప్పే మెట్లన్నీ ఆ క్షణాన్ని తిరిగి ప్రభువుకు ఇవ్వడం కోసమే. ఒక్కరోజులో అన్నీ మొదలుపెట్టకండి. ఒక్కో మెట్టుకు కొన్ని రోజులు తీసుకోండి.

మొదటి మెట్టు: ఇది ఏ శోధనో గుర్తుపట్టండి

శోధన అనగానే మనకు అసభ్యమైన బొమ్మలే గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి, వాటి గురించి తర్వాత చెప్తాను. కానీ మనలో ఎక్కువమందిని పట్టుకున్నది దానికంటే పాతది. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఇవాగ్రియుస్ అనే సన్యాసి ఉండేవాడు. గదిలో ఒంటరిగా ప్రార్థన చేసుకునేవాళ్లను మధ్యాహ్నం వేళ పట్టుకునే ఒక శోధన గురించి ఆయన వివరంగా రాశాడు. సూర్యుడు కదలనట్టు ఉంటాడట. పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, బయటికి వచ్చి భోజనం వేళకు ఇంకెంత సేపుందో అని ఎండను చూస్తాడు, ఎవరైనా వస్తున్నారేమోనని ఎదురుచూస్తాడు. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద విసుగు పుడుతుంది. 91వ కీర్తనలోని 'మధ్యాహ్నమందు పాడుచేయు రోగము' అన్న మాటను ఆ ఎడారి విశ్వాసులు దీనికే అన్వయించుకున్నారు.

ఆ కిటికీ ఇప్పుడు మన జేబులో ఉంది. ఉన్న చోట ఉండలేకపోవడం, ఉన్న పనిలో నిలవలేకపోవడం, దేవుని ముందు ఊరికే కూర్చోలేకపోవడం. రోగం పాతదే, కిటికీ కొత్తది.

పైగా ఈ కిటికీని మూయబుద్ధి కాకుండా తయారుచేశారు. ఒకప్పుడు వెబ్ పేజీకి అడుగు ఉండేది. తర్వాతి పేజీ కావాలంటే నొక్కాలి, ఆ నొక్కేలోపు మనసు ఒక్క క్షణం ఆగేది. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ అడుగే లేకుండా కిందికి జారుతూనే ఉండే పద్ధతిని రూపొందించాడు. తర్వాత ఆయనే దాని ఫలితాలకు బాధపడుతున్నానని బహిరంగంగా చెప్పాడు. ఇంకో సంగతి. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో, మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడటానికి అలవాటుపడిన పావురం, గింజలు ఆగిపోతే త్వరగా మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా అప్పుడప్పుడు పడటానికి అలవాటుపడినది మాత్రం చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. ఫీడ్ కూడా అంతే. పది వీడియోలు విసుగు పుట్టిస్తాయి, పదకొండోది బాగుంటుంది, ఆ పదకొండోదాని కోసం వేలు ఆగదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 'నా విశ్వాసం ఇంత బలహీనమా' అని లోలోపల కుమిలిపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు పోరాడుతున్నది మీ బలహీనతతో మాత్రమే కాదు. మీ చూపును కట్టిపడేయడానికి పనిగట్టుకుని కట్టిన యంత్రంతో కూడా. ఇది సాకు కాదు. శత్రువు ఎంత బలవంతుడో తెలిస్తేనే తగినట్టు సిద్ధపడతాం.

రెండో మెట్టు: మూడు రోజులు రాసుకోండి

ఏదీ మార్చకుండా మూడు రోజులు గమనించండి. ఆండ్రాయిడ్‌లో 'డిజిటల్ వెల్‌బీయింగ్', ఐఫోన్‌లో 'స్క్రీన్ టైమ్' అని సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఏ యాప్‌లో ఎంతసేపున్నారో, ఫోన్ ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారో అది చూపిస్తుంది. కానీ ఆ లెక్క ఎంతసేపో చెప్తుంది గానీ ఎందుకో చెప్పదు. అందుకే ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. నా పుస్తకంలో ఒక రాత్రి ఇలా రాసి ఉంది: '10:40. మంచం మీద. పొద్దున మీటింగ్‌లో అన్న మాట గుర్తొచ్చింది. 55 నిమిషాలు.' అంతే, నాలుగు ముక్కలు.

మూడు రోజుల తర్వాత ఆ పేజీలు దేవుని సన్నిధిలో పెట్టుకుని చదవండి. నాకైతే వరసగా కనబడింది ఇది: ఎవరైనా నన్ను నొప్పించిన ప్రతిసారీ నా చెయ్యి ఫోన్ మీదికి వెళ్తోంది. బాధ దేవునికి చెప్పుకోవాల్సిన చోట నేను బొమ్మలు చూస్తున్నాను. మీది ఒంటరితనం కావచ్చు, రేపటి భయం కావచ్చు, ఒట్టి అలసటే కావచ్చు. అది తెలియకుండా యాప్ తీసేస్తే ఆ ఆకలి ఇంకో యాప్‌ను వెతుక్కుంటుంది.

ఒక చిన్న లెక్క కూడా వేసుకోండి. రోజుకు రెండు గంటలంటే ఏడాదికి 730 గంటలు, అంటే రాత్రింబవళ్లు కలిపి 30 రోజులు. ఆదికాండము నుంచి ప్రకటన దాకా మొత్తం బైబిలును పైకి చదివి వినిపించే ఆడియోలు దాదాపు 70 నుంచి 80 గంటలుంటాయి. సిగ్గుపడమని కాదు ఈ లెక్క. 'వాక్యం చదవడానికి టైమ్ లేదు' అని మనం చెప్పుకునే మాట నిజమో కాదో తేల్చుకోవడానికి.

మూడో మెట్టు: ఒప్పుకోండి, కానీ తొందరపడి మొక్కుకోకండి

కొరింథు సంఘంలో 'అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు' అనే మాట చెలామణిలో ఉన్నట్టుంది. పౌలు ఆ మాటను పట్టుకుని, 'నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను' అన్నాడు (1 కొరింథీయులకు 6:12). మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఇదే. 'ఇది చూడటం పాపమా' అని వాదించుకుంటూ కూర్చోవద్దు. 'మానాలనుకున్నప్పుడు మానగలుగుతున్నానా' అని మిమ్మల్ని మీరు అడగండి. మానలేకపోతే అది మన మీద ఏలుబడి చేస్తోందన్నమాట.

ప్రార్థనలో ఇది పేరు పెట్టి ఒప్పుకోండి. 'ప్రభువా, నా బలహీనతలన్నీ క్షమించు' అనే పెద్ద మాటకంటే, 'ప్రభువా, నిన్న రాత్రి బాధలో నీ దగ్గరికి రాకుండా గంటసేపు రీల్స్ దగ్గరికి వెళ్లాను' అనే మాటలో నిజం ఎక్కువ ఉంటుంది.

ఆ ఉద్రేకంలో 'ఇక జన్మలో సోషల్ మీడియా ముట్టను' అని మాత్రం మొక్కుకోకండి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 హెచ్చరిస్తుంది. మూడో రోజు మాట తప్పి, నాలుగో రోజు ప్రార్థనకే మొహం చెల్లక దూరమైపోయినవాళ్లను నేను చూశాను. యోబు తన కన్నులతో నిబంధన చేసుకున్నాడు (31:1). మీరూ చేసుకోండి, కానీ ఒక వారానికి, ఒక చిన్న విషయం మీద. 'ఈ వారం వాక్యం చదివేదాకా ఫోన్ ముట్టను.' ఇంతే చాలు.

నాలుగో మెట్టు: తలుపులు ముందే మూయండి

ప్రాచీన సంఘ బోధకుడైన అగస్టీనుకు అలీపియుస్ అనే స్నేహితుడుండేవాడు. రోములో మనుషులు మనుషుల్ని చంపుకునే ఆటలంటే అతనికి అసహ్యం. స్నేహితులు ఒకరోజు బలవంతంగా లాక్కెళ్లారు. 'నా ఒళ్లు తీసుకెళ్లగలరు గానీ కళ్లు తెరిపించలేరు' అన్న ధీమాతో వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఒక్కసారి జనం పెద్దగా అరిచారు. ఏమైందో చూద్దామని కళ్లు తెరిచాడు. ఇక మూయలేకపోయాడు. తర్వాత ఇతరుల్ని తానే వెంటబెట్టుకుని వెళ్లేవాడు. (ఆ బానిసత్వం నుంచి దేవుడు అతన్ని విడిపించాడు, ఆ తర్వాత బిషప్ కూడా అయ్యాడు.)

అలీపియుస్ ఓడిపోయింది కళ్లు తెరిచినప్పుడు కాదు, లోపలికి వెళ్లి కూడా నిలబడగలనని నమ్మినప్పుడే. నోటిఫికేషన్ మోత ఆ జనం అరుపులాంటిది. అది వినిపించాక పోరాడటం కష్టం, వినపడకుండా చేసుకోవడం తేలిక. శరీరేచ్ఛల కోసం ముందుగా ఏర్పాట్లు చేసుకోవద్దని రోమీయులకు 13:14 చెప్తుంది. నిండా చార్జింగ్‌తో దిండు పక్కన పెట్టుకున్న ఫోన్ ఒక ఏర్పాటే.

ముందుగా ఫోన్ కాల్స్, మనుషులు నేరుగా మీకు పంపే మెసేజ్‌లు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. మిమ్మల్ని ఎక్కువగా లాగే యాప్‌ను, మీ పుస్తకంలో ఎక్కువసార్లు కనిపించినదాన్ని, ఫోన్‌లోంచి తీసేయండి. అకౌంట్ రద్దు చేయక్కర్లేదు. అవసరమైతే బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టి చూడొచ్చు, ఆ కాస్త శ్రమే ఆలోచించుకునే టైమ్ ఇస్తుంది. యూట్యూబ్ లేకుండా కుదరని వాళ్లు వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది తుడిచేయండి. అప్పుడు హోమ్ పేజీలో సిఫార్సులు రావు, కావాల్సింది వెతుక్కుని చూసి బయటికి వస్తారు. ఆటోప్లే కూడా ఆపండి. టైమ్ లిమిట్ పెట్టుకుని 'ఇంకో 15 నిమిషాలు' నొక్కేసే అలవాటు మీకుంటే, ఐఫోన్ స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను మీ భార్యతోనో భర్తతోనో నమ్మకమైన స్నేహితుడితోనో పెట్టించండి. మీకు తెలియనివ్వొద్దు. స్క్రీన్‌ను నలుపు తెలుపుల్లోకి మార్చడం కొందరికి బాగా పనిచేస్తుంది. నాకు అంతగా పనిచేయలేదు.

వీటన్నిటికంటే ఎక్కువ మేలు చేసినవి రెండు. మొదటిది, ఫోన్ పడక గదిలో పెట్టకుండా, అలారానికి ఒక మామూలు గడియారం కొనుక్కోవడం. రెండోది, కాగితం బైబిలుకు తిరిగి రావడం. బైబిల్ యాప్ తప్పని నేననను. ప్రయాణంలో అది వరమే. కానీ వేకువ ప్రార్థనకు కూర్చున్నప్పుడు వాక్యాన్నీ ఫీడ్‌నూ ఒకే అద్దం వెనక పెట్టుకుంటే, పోరాటాన్ని మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు.

ఐదో మెట్టు: ఆ క్షణంలో ఏం చేయాలి

తలుపులు ఎన్ని మూసినా ఆ క్షణం రాక తప్పదు. పని మధ్యలో, వరసలో నిలబడినప్పుడు, రాత్రి నిద్ర పట్టనప్పుడు చెయ్యి దానంతటదే కదులుతుంది. ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది ఈ మెట్టు గురించే.

జాన్ కాసియన్ అనే దైవజనుడు ఐగుప్తు ఎడారిలో విశ్వాసుల దగ్గర చాలా కాలం గడిపి, వాళ్ల పద్ధతులను ఐదో శతాబ్దంలో పశ్చిమ దేశాల సంఘాలకు అందించాడు. వాటిలో ఒకటి, ఏ శోధనలోనైనా ఏ పరిస్థితిలోనైనా ఒకే ఒక్క వచనాన్ని ప్రార్థనగా పలకడం: 'దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము' (కీర్తన 70:1). ఆకలేసినా ఇదే, కోపమొచ్చినా ఇదే, నిద్ర పట్టకపోయినా ఇదే. నాకు దీంట్లో నచ్చింది పొట్టితనం. శోధన రెండు సెకన్లలో వస్తుంది. అప్పుడు పెద్ద ప్రార్థన గుర్తురాదు. నోట్లో ముందే నానిన ఒక్క వాక్యం వస్తుంది.

ఇలా చేయండి. చెయ్యి ఫోన్‌ను తాకిందని గమనించగానే ఆగండి. ఫోన్‌ను బోర్లా పెట్టండి. ఆ వచనాన్ని నెమ్మదిగా, వీలైతే పెదాలతో, మూడుసార్లు పలకండి. తర్వాత ఒక్క మాటలో ప్రభువుకు నిజం చెప్పండి: 'ప్రభువా, విసుగ్గా ఉంది.' 'ప్రభువా, ఆమె అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది.' 'ప్రభువా, ఎవరూ నన్ను తలుచుకోవడం లేదనిపిస్తోంది.' అంతే. జవాబు కోసం, మంచి అనుభూతి కోసం ఎదురుచూడకండి. ఆ మాట చెప్పి, ముందున్న పనికి వెళ్లండి. గిన్నెలైతే గిన్నెలు, ఫైలైతే ఫైలు. ఒకవేళ ఫోన్‌తో నిజంగా పనుంటే, ఆ పనేమిటో పైకి చెప్పి తీయండి: 'తమ్ముడికి మెసేజ్ పెట్టడానికి.' పెట్టగానే మళ్లీ బోర్లా పెట్టేయండి.

మొదట్లో పదిసార్లలో రెండుసార్లే గుర్తొస్తుంది. ఎనిమిదిసార్లు ఫీడ్ మధ్యలో తెలివొస్తుంది. ఫర్వాలేదు, మధ్యలోనే ఆగి అదే వచనం పలకండి. నాకు కొన్ని వారాల తర్వాత ఒక వింత జరిగింది. చెయ్యి ఫోన్ వైపు వెళ్లడమే ప్రార్థనకు గంట కొట్టినట్టు అయింది. నన్ను దేవునికి దూరం చేసిన ఆ కదలికే, రోజుకు ఇరవై సార్లు నన్ను ఆయన దగ్గరికి పిలవడం మొదలుపెట్టింది.

ఆరో మెట్టు: ఖాళీ అయిన ఇంటిని నింపండి

వెళ్లిపోయిన అపవిత్రాత్మ తిరిగొచ్చి, ఇల్లు ఊడ్చి ఖాళీగా ఉండటం చూసి, తనకంటే చెడ్డవాటిని ఏడింటిని తోడు తెచ్చుకున్న సంగతి యేసు చెప్పాడు (మత్తయి 12:43-45). ఫోన్ మానేసి మిగిలిన గంటను ఖాళీగా వదిలితే మనకూ అదే జరుగుతుంది.

మార్కు సువార్తను ఒక్క కూర్చుడులో చదవడం ఎప్పుడైనా ప్రయత్నించారా? పదహారు అధ్యాయాలే. పైకి చదివినా గంటన్నర పడుతుంది. ముక్కముక్కలుగా విన్న యేసును ఆగకుండా నడుస్తూ, ముట్టుకుంటూ, అలసిపోతూ ఉన్న మనిషిగా చూడటం వేరే అనుభవం. ముక్కలకు అలవాటు పడిన మనసుకు ఇది మందులా పనిచేస్తుంది. అంత సేపు కుదరకపోతే ఫిలేమోను పత్రిక ఉంది, 25 వచనాలే.

ఇక్కడ ఒక మాట కొంతమందికి నచ్చకపోవచ్చు. ముప్పై సెకన్ల ప్రసంగం ముక్కలు, సాక్ష్యాల క్లిప్పులు, ఆరాధన పాటల రీల్స్ ఒకదాని వెంట ఒకటి చూడటం వాక్యం వినడం కాదు. వాటిలో మంచి మాటలుంటాయి. కానీ ఒక మాట మనసులో దిగేలోపే వేలు దాన్ని తోసేస్తుంది. విత్తనం మంచిదే, మట్టిలో దిగడానికి టైమే ఇవ్వడం లేదు. ఒక ప్రసంగం మొత్తం వినండి, విన్నాక ఫోన్ పక్కన పెట్టి ఐదు నిమిషాలు కూర్చోండి.

వారంలో ఒక రోజు పూర్తిగా ఫోన్ ఉపవాసం కూడా మొదలుపెట్టండి. కాల్స్ మాత్రం ఎత్తండి. మొదటి వారం చిరాకుగా, చేతులు ఖాళీగా అనిపిస్తుంది. ఆ చిరాకును చూసి భయపడకండి.

ఏడో మెట్టు: అశ్లీలం, అసూయ

అశ్లీలం విషయంలో వాక్యం నిలబడి పోరాడమనలేదు, పారిపొమ్మంది (1 కొరింథీయులకు 6:18). ఒంటరిగా దాచుకుంటే ఇది పెరుగుతుంది. మీ కాపరితోనో, నమ్మకమైన పెద్దవారితోనో ఈ వారమే మాట్లాడండి. అదుపు పూర్తిగా తప్పిందనిపిస్తే కౌన్సెలర్ సహాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు.

అసూయ సంగతి వేరు. 'మత్సరము ఎముకలకు కుళ్లు' అని సామెతలు 14:30. ఎవరి పోస్టు చూస్తే మీ కడుపులో మంట పుడుతుందో వాళ్లను కొంతకాలం మ్యూట్ చేయండి, అదే సమయంలో రోజుకోసారి వాళ్ల పేరు పెట్టి దీవెన కోరండి. మ్యూట్ చేసి ప్రార్థన చేయకపోతే మంట అలాగే ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: ఒక తోడు

ఒక్కరు చాలు. వారానికోసారి ఇద్దరూ స్క్రీన్ టైమ్ ఒకరికొకరు చూపించుకోండి. ఈ వారం ఎప్పుడు పడ్డావు, ఆ క్షణంలో మనసులో ఏముంది, నీ కోసం ఏమని ప్రార్థించాలి అని అడగండి. సలహాలు తక్కువ, ప్రార్థన ఎక్కువ ఉండాలి. యాకోబు 5:16 చెప్పింది కూడా అదే: పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి, ఒకరి కోసం ఒకరు ప్రార్థించండి. పిల్లలున్న ఇంట్లో వాళ్లకు రూల్స్ పెట్టే ముందు మీ లెక్క వాళ్లకు చూపించండి. పిల్లలు మన మాటకంటే మన చేతిలో ఉన్నదాన్నే చూస్తారు.

పడినప్పుడు

పడతారు. నేను ఇప్పటికీ పడుతున్నాను. రాత్రి పన్నెండింటికి స్క్రీన్ ఆపి పడుకున్నాక, 'ఇంత సేపు ఇది చూసి ఇప్పుడు ఏ మొహంతో ప్రార్థన చేస్తావు' అని లోపల ఒక స్వరం వినిపిస్తుంది. అది మంచి కాపరి స్వరం కాదు. మూడుసార్లు తనను ఎరగనన్న పేతురు కోసం ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, 'రండి, భోజనము చేయుడి' అని పిలిచినవాడు (యోహాను 21) అలా మాట్లాడడు.

కాబట్టి తెల్లవారేదాకా ఆగకండి. లేచి ఫోన్‌ను పక్క గదిలో పెట్టి రండి. చీకట్లోనే 70వ కీర్తన మొదటి మాట పలకండి. తర్వాత, వేకువను పోగొట్టుకున్న ఆ ఉదయం నేను మొదటి వచనంలోనే ఆగిపోయిన 63వ కీర్తనలో ఆరో వచనం ఉంది. మంచం మీద ఆయన్ను జ్ఞాపకం చేసుకుంటూ, రాత్రి జాముల్లో ధ్యానించేవాడు పలికే మాట అది. అది పలుకుతూ పడుకోండి.